వినికిడి లోపం ఉన్న విద్యార్థి తరగతిలో ఉంటే టీచర్ ఏం చేయాలి?

చెవి మిషన్ పెట్టుకుని వచ్చిన పిల్లవాణ్ణి చూసి, ఇక అన్నీ బాగా వినపడతాయని చాలామంది టీచర్లు అనుకుంటారు. కళ్లజోడు పెట్టగానే చూపు సరయినట్టు మిషన్ పెట్టగానే వినికిడి సరికాదు. మిషన్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది. మీ గొంతుతో పాటు ఫ్యాన్ చప్పుడూ, వెనక బెంచీ గుసగుసలూ, కుర్చీ ఈడ్చిన శబ్దమూ పెద్దవే అవుతాయి. కొత్త మిషన్లు రొదను కొంత అణుస్తాయి గానీ, అందులోంచి మాటను పూర్తిగా వేరుచేసి ఇవ్వలేవు. మిగిలిన పని టీచర్‌ది. దానికి మూడే మార్గాలు: దగ్గరగా ఉండడం, మొహం కనిపించేలా ఉండడం, చప్పుడు తగ్గించడం.

ఎక్కడ కూర్చోబెట్టాలి?

దూరం రెట్టింపయిన ప్రతిసారీ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) తగ్గుతుంది. మీటరు దూరంలో 65 డెసిబెల్స్ ఉన్న మీ గొంతు 2 మీటర్ల దగ్గర 59, 4 మీటర్ల దగ్గర 53 అవుతుంది. గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని వల్ల గది వెనక భాగంలో శబ్దం ఇంతకంటే కొంచెం ఎక్కువే ఉండొచ్చు. కానీ ఆ ప్రతిధ్వని మాటల్ని ఒకదాని మీద ఒకటి పులిమేస్తుంది కాబట్టి ఉపయోగం లేదు. వినికిడి లోపం ఉన్న బిడ్డకు మాట స్పష్టంగా అందాలంటే అది చుట్టూ ఉన్న రొద కంటే కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి. మామూలు తరగతిలో ఈ తేడా మీకు 2 మీటర్ల లోపే దొరుకుతుంది, అదీ మిగతా పిల్లలు నిశ్శబ్దంగా ఉంటేనే.

అందుకని ముందు బెంచీ మధ్యలో కూర్చోబెట్టడం సరయిన పని అనిపిస్తుంది, కానీ కాదు. అక్కడ మెడ పైకెత్తి చూడాలి, వెనక ఎవరు మాట్లాడుతున్నారో కనపడదు. రెండో వరుసలో ఒక పక్కగా, కిటికీ వైపు వీపు ఉండేలా కూర్చోబెట్టండి. అలా అయితే కొంచెం తల తిప్పితే తరగతి మొత్తం కనపడుతుంది, వెలుతురు మీ మొహం మీద పడుతుంది. ఒక చెవే బాగా వినపడే బిడ్డయితే ఆ చెవి తరగతి లోపలి వైపు ఉండాలి, గోడ వైపు కాదు. ఇలాంటి పిల్లలకు శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియదు. పేరు పెట్టి పిలిస్తే వేరే వైపు తిరిగి చూస్తారు. అది పరధ్యానం కాదు.

ఫ్యాన్, కూలర్, వరండా తలుపు దగ్గర సీటు వద్దు. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులో, కోసిన పాత టెన్నిస్ బంతులో తగిలిస్తే గదిలో పెద్ద చప్పుడు ఒకటి పోయినట్టే. ఖాళీ గోడలకు మందపాటి గుడ్డ, చార్టులు అతికించిన మెత్తటి బోర్డులు ఉంటే ప్రతిధ్వని తగ్గుతుంది.

పెదవులు ఎంత చెబుతాయి?

పెదవుల కదలికను చూసి పిల్లలు మాటను పోల్చుకుంటారు, నిజమే. అయితే ఎంతవరకు? మన అక్షరమాలను చూస్తేనే తెలుస్తుంది. ప వర్గం ఐదు అక్షరాలూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి. పాట, బాట, మాట - అద్దం ముందు గొంతు రాకుండా పలికి చూడండి, మీకే తేడా తెలియదు. క వర్గం అయితే గొంతు దగ్గరే పుడుతుంది, బయటికి ఏమీ కనపడదు. దీని వల్ల తరగతిలో ఎంత పొరపాటు జరుగుతుందో ఒక్క ఉదాహరణ: ‘రాయండి’, ‘రాయకండి’. అర్థాన్ని తలకిందులు చేసేది ఆ మధ్యనున్న ‘క’ ఒక్కటే. అది పెదవుల మీద కనపడదు, చెవికి మెల్లగా వినపడుతుంది. అందుకే వద్దన్న విషయం చెప్పేటప్పుడు ‘రాయకండి’ అని వదిలేయకుండా ‘రాయొద్దు, పెన్ను కింద పెట్టండి’ అనండి, చేత్తో చూపించండి. పదిహేను, పదిహేడు లాంటి అంకెలు ఎప్పుడూ బోర్డు మీద రాయాలి. పేజీ నంబర్లు, హోంవర్కు లెక్కల నంబర్లు నోటితో మాత్రమే చెబితే తప్పు లెక్క చేసుకొస్తారు, తిట్లు తింటారు.

బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. ముందు రాయండి, తర్వాత తిరిగి చెప్పండి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మొహం నీడలో పడుతుంది. నోటి ముందు పుస్తకం, చెయ్యి అడ్డు రాకూడదు. అరవడం వల్ల మేలు లేదు. అరిస్తే పెదవుల ఆకారం మారిపోతుంది, పెద్ద శబ్దాన్ని మిషన్ తనంతట తానే అణిచేస్తుంది. అక్షరం అక్షరం సాగదీసినా అంతే. మామూలు గొంతు, కొంచెం నిదానం, వాక్యానికీ వాక్యానికీ మధ్య చిన్న విరామం చాలు.

రోజూ పొద్దున రెండు నిమిషాల పరీక్ష

ఇది ఒక్కటి చేయకపోతే మిగతా శ్రమంతా వృథా పోయే రోజులుంటాయి. మిషన్ ఆగిపోయినా చిన్న పిల్లలు చెప్పరు, చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా. లింగ్ ఆరు శబ్దాల పరీక్ష దీనికే ఉంది.

1. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు బిడ్డకు ఒక మీటరు దూరంలో, పెదవులు కనపడకుండా పక్కగానో వెనకగానో నిలబడండి. నోటికి కాగితం అడ్డుపెడితే శబ్దమే మారుతుంది, అది వద్దు.
2. మ్, ఊ, ఆ, ఈ, ష్, స్ - ఈ ఆరూ మామూలు గొంతుతో ఒక్కొక్కటిగా పలకండి. రోజూ వరస మార్చండి, మధ్య విరామమూ మార్చండి. వరస మార్చకపోతే పిల్లలు ఊహించి చెప్పేస్తారు.
3. విన్నది తిరిగి పలకమనండి. చిన్నవాళ్లయితే వినపడగానే చెయ్యెత్తితే చాలు.
4. తర్వాత 3 మీటర్ల నుంచి మళ్లీ చేసి, ఏది వినపడలేదో తేదీతో రాసిపెట్టండి.

మ్, ఊ తక్కువ పౌనఃపున్యం ఉన్న లోతైన శబ్దాలు, స్ అన్నిటికన్నా ఎక్కువ పౌనఃపున్యం ఉన్న సన్నటి శబ్దం. నిన్నటిదాకా పలికిన ‘స్’ ఇవాళ ఆగిపోతే మిషన్ గొట్టంలో గుమిలి, తేమ చేరిందేమో చూడండి. ఆరిట్లో ఒక్కటీ వినపడకపోతే మొదట బ్యాటరీ చూడండి. జింక్ ఎయిర్ బ్యాటరీకి స్టిక్కర్ పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టాలి, వెంటనే పెడితే త్వరగా దిగిపోతుంది. కుయ్‌మని కూత వస్తుంటే ఇయర్ మౌల్డ్ (మిషన్‌కు ఉండే, చెవిలో అమరే అచ్చు) సరిగ్గా కూర్చోలేదు, లేదా చెవి పెరిగి అది వదులయింది. ఎదిగే పిల్లలకు మౌల్డ్ కొన్ని నెలలకే మార్చాల్సి వస్తుంది కాబట్టి, కూత పదేపదే వస్తుంటే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) దగ్గరికి పంపండి. కూత భరించలేక శబ్దం తగ్గించేయడం అందరూ చేసే తప్పు. అప్పుడు కూత పోతుంది, వినికిడీ పోతుంది. చెవిలోకి మాత్రం టీచర్ ఏదీ పెట్టకూడదు. పాత బ్యాటరీలు పిల్లలకు అందనివ్వకండి. ఎవరైనా మింగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

టీచర్ మెడలో వేసుకునే, మాటను నేరుగా మిషన్‌కు పంపే రిమోట్ మైక్ ఉంటే దూరం సమస్య చాలావరకు తీరుతుంది. గడ్డం కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర తగిలించండి. గొలుసు, ఐడీ కార్డు, చున్నీ దానికి రాసుకుంటే ఆ గరగర నేరుగా పిల్లల చెవిలోకి వెళుతుంది. వేరే పిల్లలతో విడిగా మాట్లాడేటప్పుడు, గది దాటేటప్పుడు మ్యూట్ చేయండి. చర్చ జరుగుతుంటే మైక్ మాట్లాడేవారి చేతికి వెళ్లాలి.

పాఠం మధ్యలో

‘అర్థమైందా?’ అని అడగకండి. అందరిలో ‘లేదు’ అనలేక తల ఊపేస్తారు. ‘ఇప్పుడు ఏం చేయాలో చెప్పు’ అని అడిగితే ఎంత అందిందో తెలుస్తుంది. అందకపోతే అదే వాక్యం ఒకసారి మళ్లీ చెప్పండి. అప్పటికీ అందకపోతే మాటలు మార్చండి, వినపడని పదాన్ని పదిసార్లు చెప్పినా అది వినపడని పదమే. వెనక బెంచీ నుంచి వచ్చిన ప్రశ్నను, జవాబును మీరు తిరిగి చెప్పాలి, అడిగినవాళ్ల వైపు చెయ్యి చూపించాలి. రేపటి పాఠంలో వచ్చే కొత్త పదాలు ఆరేడు ఇవాళే రాసిచ్చి పంపితే ఎంతో తేడా కనపడుతుంది. తెలిసిన పదాన్ని సగం విన్నా పోల్చుకోవచ్చు, తెలియని పదాన్ని పూర్తిగా వినాల్సిందే. వీడియోకు కింద అక్షరాలు ఉండాలి, లేకపోతే ముందురోజే సారాంశం ఇవ్వండి. లైట్లు ఆర్పి వివరించడం వద్దు. డిక్టేషన్‌లో పదం విడిగా కాక వాక్యంలో పెట్టి చెప్పండి.

మధ్యాహ్నానికి వీళ్లు అలిసిపోతారు. ప్రతి మాటనూ కళ్లతో, చెవులతో, ఊహతో కూడగట్టుకోవడం పెద్ద శ్రమ. దాన్ని బద్ధకం అనుకుంటే చాలా అన్యాయం జరుగుతుంది. కష్టమైన పాఠాలు పొద్దున పెట్టండి, పది నిమిషాలు వినే పని తర్వాత రాసే పనో చూసే పనో ఇవ్వండి.

సైగల భాష వాడే విద్యార్థికి దుబాసీ ఉంటే, ఆయన మీ పక్కనే నిలబడాలి. మీరు మాత్రం విద్యార్థినే చూస్తూ మాట్లాడాలి. సైగలు మీ మాట కంటే కొన్ని క్షణాలు వెనక వస్తాయి కాబట్టి, ప్రశ్న అడగ్గానే చేతులెత్తినవాళ్లలో ఒకరిని పిలిచేస్తే ఈ బిడ్డకు ఎప్పటికీ అవకాశం రాదు. లోపల ఐదు లెక్కపెట్టుకుని పిలవండి.

మీరు సెలవు పెట్టిన రోజు కోసం ఒక పేజీ రాసి హాజరు రిజిస్టరులో ఉంచండి: ఏ సీటు, ఏ చెవి మెరుగు, మిషన్ ఎలా ఆన్ చేయాలి, బ్యాటరీలు ఎక్కడున్నాయి, పొద్దున పరీక్ష ఎలా చేయాలి, మంటల అలారం మోగితే భుజం తట్టి బయటికి తీసుకెళ్లే స్నేహితుడు ఎవరు.