బొమ్మ చిన్నదయ్యేకొద్దీ హోవర్ కష్టం: నేర్చుకోవడానికి ఏ సైజు రిమోట్ కంట్రోల్ (ఆర్‌సీ) హెలికాప్టర్?

చవక, పడినా పోయేది తక్కువ అని చాలామంది ముందు చిన్న హెలికాప్టరే కొంటారు. దాన్ని గాల్లో ఒకచోట నిలబెట్టబోయినప్పుడు గాని అసలు సంగతి తెలియదు.

ఈ మోడళ్ల సైజులకు 450, 500, 700 అని అంకెలే పేర్లు. 450 సైజుది సుమారు 800 గ్రాములు, రోటర్ (పైన తిరిగే బ్లేడ్ల జత) వ్యాసం 70 సెంటీమీటర్లు. 700 సైజుది 5 కిలోల దాకా, వ్యాసం మీటరున్నర పైనే. ఒరగకుండా ఎదురు నిలిచే జడత్వం బరువును బట్టీ, పొడవు వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. ఆ లెక్కన పెద్దది దాదాపు 30 రెట్లు బద్ధకం, కొత్తవాళ్లకు కావాల్సింది ఆ బద్ధకమే. ఒకే గాలి విసురుకు 450 ఒరిగిపోయాక గాని మన బొటనవేలు కదలదు. 700 అయితే ఒరగబోతుండగానే సరిచేసుకోవచ్చు. పైగా 20 మీటర్ల దూరం పోతే 450కి ముక్కేదో తోకేదో పోల్చుకోవడం కష్టం.

అలాగని ఏకంగా 700 కొనకండి. నిమిషానికి 1,800 చుట్ల దగ్గరే దాని బ్లేడు కొన గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. తగిలితే ప్రాణం పోతుంది. మా సలహా 450 లేదా 500, అదీ మచ్చిక చేసుకున్నాకే. అరచేతిలో ఇమిడే మైక్రోలు ఇంట్లో కుదురుగా నిలబడుతున్నాయంటే అది సైజు గొప్ప కాదు, ఒరిగితే తనే సరిచేసుకునే లోపలి స్టెబిలైజేషన్ పుణ్యం.

మచ్చిక చేయడమంటే సెట్టింగులే. 450కి హెడ్ స్పీడ్ (పై రోటర్ నిమిషానికి తిరిగే చుట్లు) 2,800 నుంచి 2,400కు దించితే స్పందన మెత్తబడుతుంది. మరీ దించితే తోకకు పట్టు పోతుంది. హెడ్ స్పీడ్ మార్చిన ప్రతిసారీ గైరో గెయిన్ (తోకను కుదురుగా ఉంచే గైరో ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగు) చూసుకోండి: తోక టకటకా ఊగితే కొంచెం తగ్గించాలి, మెల్లగా జారితే పెంచాలి. సైక్లిక్‌కు, అంటే ముందుకూ వెనక్కూ పక్కలకూ ఒరిగించే కంట్రోల్‌కు, 30 శాతం ఎక్స్‌పో (స్టిక్ నడిమి దగ్గర స్పందనను మెత్తబరిచే సెట్టింగు) పెట్టండి. బ్యాటరీ బిగించాక బ్లేడ్లను బాడీకి అడ్డంగా తిప్పి, రోటర్ హెడ్ పట్టుకుని ఎత్తండి. ముక్కు వాలితే బ్యాటరీని వెనక్కి జరపాలి.

బెంగళూరులో ఇంకో మెలిక ఉంది. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గాలి సాంద్రత 8 శాతం దాకా తక్కువ. చెన్నైలో సరిగ్గా కుదిరిన సెట్టింగు ఇక్కడ కాస్త నీరసిస్తుంది. హోవర్ పిచ్ (గాల్లో నిలబడేటప్పటి బ్లేడు కోణం) అర డిగ్రీ పెంచండి, లేదా హెడ్ స్పీడ్ 4 శాతం.

ఇక ఎగరేయడం. అడ్డంగా కర్రలు, చివర బంతులు ఉండే ట్రైనింగ్ కాళ్లు కట్టండి. తోక మీవైపు ఉండేలా పెట్టి 6 మీటర్లు వెనక నిలబడండి. భయంతో అందరూ చేసే తప్పు మోకాలి ఎత్తులో ఆపడం. రోటర్ వ్యాసమంత ఎత్తు వరకు కిందికి కొట్టిన గాలి నేలను తాకి తిరగబడుతుంది, హెలికాప్టర్ నూనె పూసిన గచ్చు మీద ఉన్నట్టు జారుతుంది. 450 అయితే తటపటాయించకుండా మీటరు పైకి తీసుకెళ్లండి. కుడికి కాస్త ఒరిగి నిలబడితే కంగారు పడొద్దు. తోక రోటర్ ఎడమకు నెడుతుంది, ఆ ఒరుగు దానికి విరుగుడు. బండి ఊగిపోతుంటే రోటర్‌ను పక్కనుంచి, దూరంగా నిలబడి చూడండి. రెండు బ్లేడ్లు రెండు గీతలుగా కనిపిస్తే ట్రాకింగ్ తప్పింది, అంటే బ్లేడ్లు ఒకే ఎత్తులో తిరగడం లేదు. దించేసి ఒక బ్లేడు కోణాన్ని మార్చే లింకు తిప్పాలి. 3ఎస్ (మూడు సెల్స్) 2,200 ఎంఏహెచ్ బ్యాటరీకి టైమర్ 4 నిమిషాలు చాలు.

మారతహళ్లిలో మేడ మీద ఎగరేద్దామనుకునేవాళ్లకు ఒక మాట: పక్కనే హెచ్‌ఏఎల్ విమానాశ్రయం. ఉత్తరాన విమానాలు దిగే జక్కూరు, యలహంక, దేవనహళ్లిలోనూ ఇదే చిక్కు. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చగా ఉన్నచోటే మైదానం వెతుక్కోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి జోరు ఎక్కువ. ఆ నెలల్లో 450ని పొద్దున్న ఏడింటిలోపే తీయండి, మిగతా సమయం సిమ్యులేటర్‌తో సరిపెట్టుకోండి.