వడ్డీ రేటు మారినప్పుడు అప్పు గురించి ఎలా ఆలోచించాలి?

రిజర్వు బ్యాంకు 2022 మే నుంచి రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే స్వల్పకాలిక అప్పుపై వడ్డీని, పెంచుకుంటూ పోయి, 4 శాతంగా ఉన్న దాన్ని 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతానికి చేర్చింది. మళ్లీ 2025లో తగ్గించడం మొదలుపెట్టి జూన్ నాటికి 5.5 శాతానికి తెచ్చింది. రేటు తగ్గిందన్న వార్త రాగానే బండి, టీవీ, ఇల్లు ఏదైనా ఇప్పుడే కొనేయాలనిపించడం సహజం. అయితే ఆ తగ్గుదల మీ అప్పుకు ఎంతవరకు వర్తిస్తుందో ముందుగా చూసుకోవాలి.

మొదట మీరు తీసుకునే రుణం స్థిర వడ్డీదా, మారే వడ్డీదా అని అడగండి. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు మారే వడ్డీతో ఇచ్చే కొత్త గృహ, వ్యక్తిగత రుణాలను రెపో వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. బండి రుణాలు, వస్తువుల వాయిదాలు చాలావరకు స్థిర వడ్డీవే కాబట్టి, సంతకం చేశాక రెపో ఎటు కదిలినా వాటి వాయిదా మారదు.

తరువాత శాతాలను పక్కనపెట్టి రూపాయల్లో లెక్క వేయండి. బండి కోసం లక్ష రూపాయలు మూడేళ్లకు 12 శాతంతో తీసుకుంటే నెలకు సుమారు 3,321 రూపాయలు కట్టాలి, 13 శాతమైతే 3,369. తేడా 48 రూపాయలే. అందుకే చిన్న, స్వల్పకాలిక అప్పుల దగ్గర కుటుంబాలు రేటు కంటే, వాయిదా జీతంలో ఇముడుతుందా అన్నదే ఎక్కువగా చూస్తాయి. అమ్మేవారికీ ఇది తెలుసు కనుక గడువు పెంచి వాయిదాను తగ్గించి చూపుతారు. అదే లక్షను 12 శాతానికే ఐదేళ్లకు తీసుకుంటే వాయిదా 2,224కి దిగుతుంది గానీ, మొత్తం వడ్డీ దాదాపు 19,600 నుంచి 33,500 రూపాయలకు పెరుగుతుంది. మూడేళ్ల అప్పులో ఒక శాతం రేటు పెరిగితే పడే అదనపు భారం 1,700 రూపాయల చిల్లర మాత్రమే! వాయిదా తగ్గితే చాలనుకుని, గడువును అడిగినంతా ఒప్పుకోవడం కుటుంబాలకు ఎంతో నష్టం చేస్తోందని నా గట్టి అభిప్రాయం.

గృహ రుణంలో రేటు ప్రభావం పూర్తిగా వేరు. 30 లక్షలు 20 ఏళ్లకు 7 శాతంతో తీసుకుంటే వాయిదా సుమారు 23,259 రూపాయలు. రేటు మొదట్లోనే 9 శాతానికి చేరి, వాయిదా మాత్రం పెంచకుండా వదిలేస్తే, లెక్క ప్రకారం అప్పు తీరడానికి 38 ఏళ్లు దాటుతుంది. ఇలాంటి పరిస్థితుల కోసమే, రేటు సవరించినప్పుడు వాయిదా పెంచుకోవడమా, గడువు పొడిగించుకోవడమా అన్న ఎంపికను రుణగ్రహీతకే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. వాయిదా పెంచుకోగలిగితే పెంచుకోండి. బోనసో, పంట డబ్బో చేతికి వస్తే అసలులో కొంత ముందే కట్టండి. సొంత అవసరాలకు వ్యక్తులు తీసుకున్న మారే వడ్డీ గృహ రుణాలపై దానికి జరిమానా వేయకూడదు.

రెండు అప్పులను పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే కొలతలోకి తెచ్చుకోవాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ‘ఫ్లాట్’ 12 శాతమని చెప్పి, కడుతున్న కొద్దీ తగ్గే అసలును లెక్కలోకి తీసుకోకుండా ఏడాది అప్పు ఇస్తే, నిజమైన రేటు 21 శాతం దాటుతుంది. బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు 2024 అక్టోబరు నుంచి వ్యక్తులకిచ్చే ప్రతి కొత్త రిటైల్ రుణానికీ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అందులో ప్రాసెసింగ్ ఫీజు వంటివి కలిపిన వార్షిక శాతం ఉంటుంది కాబట్టి, ప్రకటనలోని రేటును కాక దాన్నే పోల్చండి.

చివరగా, మారే వడ్డీ రుణమైతే నేటి రేటుకు రెండు శాతం కలిపి, గడువు మార్చకుండా వాయిదా ఎంతవుతుందో బ్యాంకులోనే వేయించుకోండి. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, మందుల ఖర్చు పోగా మిగిలే జీతంలో ఆ పెద్ద వాయిదా ఇమడకపోతే, అప్పు మొత్తాన్ని తగ్గించి మళ్లీ లెక్క వేయించుకోండి.