రాసుకున్న నోట్సును క్యారౌసెల్‌గా మలచడం ఎలా?

విశాఖ ఆర్కే బీచ్‌లోని ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసి వచ్చిన రోజు నా పుస్తకంలో మూడు పేజీలు నిండాయి. తేదీలు, 1971 యుద్ధం, ఇరుకు పడకలు, గుండ్రటి ద్వారాలు అన్నీ అందులో కలగాపులగంగా ఉన్నాయి. అలాంటి నోట్సును ఇన్‌స్టాగ్రామ్‌లో పక్కకు జరుపుతూ చదివే స్లైడ్లుగా, అంటే క్యారౌసెల్‌గా, మార్చడానికి నేను అనుసరించే పద్ధతి ఇది.

ముందుగా డిజైన్ యాప్ తెరవకండి. నోట్సంతా చదివి, అందులో స్నేహితులకు ఫోన్ చేసి మరీ చెప్పాలనిపించే ఒక్క సంగతి కింద గీత గీయండి. నా గీత తేదీల కింద పడలేదు. సుమారు 91 మీటర్ల ఇనుప గొట్టంలో అంతమంది ఎలా బతికారన్న ప్రశ్న కింద పడింది. దానితో సంబంధం లేనివాటిని, ఎంత ముచ్చటపడి రాసుకున్నవైనా సరే, మరో పోస్టుకు దాచుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ 2024 నుంచి 20 స్లైడ్ల వరకు అనుమతిస్తున్నా, నాకు ఎనిమిది దాటవలసిన అవసరం అరుదుగా వస్తుంది.

తరువాత స్లైడుకొక ముక్క చొప్పున విడగొట్టండి. నోట్సులో “1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న సేవల నుంచి వైదొలగింది” అని ఉంటే, స్లైడు మీద “31 ఏళ్ల కొలువు తరువాత ఒడ్డుకు చేరింది” అన్నది చాలు. తేదీలు క్యాప్షన్‌లోకి వెళ్తాయి.

మొదటి స్లైడుకే ఎక్కువ సమయం ఇవ్వండి. “కురుసుర విశేషాలు” అంటే ఎవరూ ఆగరు. “ఎంతటివారైనా ఇక్కడ తల వంచాల్సిందే” అని రాసి ఆ గుండ్రటి ద్వారం ఫొటో పెడితే, అవతల ఏముందో చూడడానికి వేలు తానే కదులుతుంది. మొదటిది దాటిపోయినవారికి ఇన్‌స్టాగ్రామ్ కొన్నిసార్లు రెండో స్లైడునే చూపిస్తుంది కనుక, అది కూడా విడిగా అర్థమయ్యేలా ఉండాలి.

కొలత 1080 × 1350 పిక్సెళ్లు పెట్టుకోండి. తెలుగుకు ప్రత్యేకంగా చూడవలసినది వరుసల మధ్య ఎడం. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడమిస్తే “శాస్త్రం”లోని ఒత్తులు కింది వరుసలోని గుడులకు తగిలి రెండూ చదవరాకుండా పోతాయి. అందుకే అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లయినా ఉంచుతాను. ఒత్తులు విడిపోయి పొల్లుతో కనిపిస్తే ఫాంటు మార్చి చూడండి. చదివే మాటలకు మండలి, శీర్షికకు రామభద్ర నాకు నచ్చిన ఫాంట్లు. లింక్డ్‌ఇన్‌కైతే అవే స్లైడ్లను ఒకే పీడీఎఫ్‌గా చేసి పెట్టాలి.

పోస్టు చేసే ముందు స్లైడ్లను ఫోన్‌లోకి పంపుకొని మా అమ్మ చేతికిస్తాను. ఆమె ఎక్కడ కళ్లు చిట్లిస్తే, ఆ స్లైడులో రెండు మాటలు తీసేసి అక్షరం పెంచుతాను.