కారులో కాలిన వాసనా? బానెట్ ఎత్తే ముందు జాగ్రత్తలు

- పొగ గానీ మంట గానీ కనిపిస్తే బానెట్ తెరవకండి, గాలి తగిలి మంట ఎగుస్తుంది. అందరూ దిగి దూరంగా వెళ్లి 101కి ఫోన్ చేయండి.
- పొగ లేకపోతే చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, కనీసం అరగంట చల్లారనివ్వండి. ఎండుగడ్డి మీద ఆపొద్దు.
- వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు. మరిగే కూలెంట్ ముఖాన చిమ్ముతుంది.
- ఘాట్ దిగాక వాసన చక్రాల దగ్గరుంటే చాలావరకు బ్రేకులే. తొందరపడి నీళ్లు పోయకండి, డిస్కులు వంకరపోతాయి. హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి.
- వైరు కాలిన వాసనైతే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఫ్యూజు అదే ఆంపియర్లది వేయాలి. పెద్దది వేస్తే ఈసారి కాలేది వైరే!
- చున్నీ, గొలుసు, వాచీ తీసేయండి. ఇంజిన్ ఆగినా ఫ్యాన్ తిరగొచ్చు.