వదులు హుడ్ పాఠాలు – 4: టేపు అయ్యాక ‘టిక్’

కెమెరా లెన్స్ మూతికి పక్క వెలుతురు పడకుండా తొడిగే హుడ్ వదులైతే దాని లోపల టేపు వేయమని మూడో పాఠంలో అన్నాను. వేశారు. ఇప్పుడు కొందరికి హుడ్ ఊడి రావడం లేదు. కొందరికి ఇంకా తిరుగుతూనే ఉంది. ఒకాయన టేపు తీసుకెళ్లి లెన్స్ మీదే అంటించారు. ఈసారి అసలు పాఠం ‘టిక్’ గురించి, అంటే హుడ్ సరిగ్గా బిగుసుకున్నప్పుడు వచ్చే చప్పుడు గురించి. కానీ ఈ గొడవలు తేల్చకుండా ముందుకెళ్తే ఐదో పాఠం నాటికి ఎవరి దగ్గరా హుడ్ మిగిలేలా లేదు.

ముందు ఇరుక్కుపోయినవాళ్లు.

హుడ్‌ని రెండు వేళ్లతో నొక్కిపట్టి మెలితిప్పకండి. అలా నొక్కితే గుండ్రంగా ఉన్న ప్లాస్టిక్ కాస్తా కోలగా అవుతుంది, లోపలి చెవులు, అంటే లెన్స్ గాడిలోకి దూరే చిన్న నాలుకలు, ఆ గాడిని మరింత గట్టిగా పట్టేస్తాయి. బలం పెంచేకొద్దీ బిగుస్తుందే తప్ప వదలదు. కెమెరాని ఒళ్లో పెట్టుకోండి. హుడ్ మొదట్లో, అంటే లెన్స్‌కి ఆనే చోట, అరచెయ్యి చుట్టూ సమానంగా పడేలా పట్టుకోండి. గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లవ్ తొడుక్కుంటే సగం బలం చాలు. రెండో చెయ్యి కెమెరా బాడీ మీద వద్దు, హుడ్‌కి సరిగ్గా వెనకున్న లెన్స్ గొట్టం మీద ఉండాలి. బాడీని పట్టుకుని తిప్పితే ఆ మెలి అంతా జూమ్ లోపలి గొట్టం మీద పడుతుంది. కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్‌లో ఆ భాగం ప్లాస్టిక్, అంత ఓర్చుకోదు. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి కదిలించి, ఆ ఊపులోనే విప్పే వైపు తిప్పండి. వచ్చేస్తుంది.

ఎందుకు ఇరుక్కుందో కూడా చూద్దాం. చాలామంది గాఫర్ టేపు వేశారు. పెళ్లి షూటింగుల్లో కేబుళ్లు నేలకి అంటించడానికి వాడే గుడ్డ టేపు అది, ప్రతి బ్యాగులోనూ ఉంటుంది కాబట్టి చేతికి అందింది. దాని మందం దాదాపు 0.3 మిల్లీమీటర్లు. మామూలు ఎ4 జిరాక్స్ కాగితం మందం 0.1. నేను చూసిన డూప్లికేట్ హుడ్లలో చెవికీ దాని ఎదుటి మెట్టుకీ (లెన్స్ అంచు ఆనే గట్టుకీ) మధ్య ఎక్కువైన సందు ఒక కాగితం, మహా అయితే రెండు కాగితాలు. అందులో మూడు కాగితాల మందం కుక్కితే ఇరుక్కోక ఏం చేస్తుంది? ఎలక్ట్రీషియన్ల నల్ల ఇన్సులేషన్ టేపు మందానికి సరిపోతుంది గానీ, ఏప్రిల్ ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద కెమెరా పెట్టారంటే దాని జిగురు కారి గాడంతా పాకుతుంది.

నా చెయ్యి మాత్రం మొబైల్ రిపేరు షాపుల్లో వాడే తేనెరంగు కాప్టన్ టేపు వైపే పోతుంది. పల్చన, వేడికి కరగదు, తీసేస్తే మరక ఉండదు. ఒక పొర చాలకపోతే రెండు వేసుకోవచ్చు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే చుట్ట ఇస్తారు. ప్లంబర్ల టెఫ్లాన్ టేపు పనికొస్తుందా అని కొందరు అడిగారు. సందు నింపుతుంది, కాదనను. కానీ టెఫ్లాన్ గుణమే జారడం. హుడ్ ముందుకీ వెనక్కీ ఊగడం ఆగుతుంది, గుండ్రంగా తిరగడం మాత్రం పెరుగుతుంది. పైగా దానికి జిగురే ఉండదు, నాలుగుసార్లు తీసి పెట్టేసరికి పోగుపోగులుగా బయటికొస్తుంది.

టేపు ముద్దకట్టిందన్నవాళ్లు మెట్టు పొడుగునా వేసి ఉంటారు. హుడ్ తిప్పుతున్నప్పుడు లెన్స్ పెదవి, అంటే మూతి అంచు, ఆ మెట్టు మీద పాక్కుంటూ వెళ్తుంది. టేపు మొదటి అంచు దారిలోనే తగిలితే అక్కడే లేచిపోతుంది. అందుకని తిరిగే దారిలో చివరి మూడో వంతులోనే చిన్న ముక్క వేయండి. ముందు అంచుని కత్తెరతో ఏటవాలుగా కత్తిరించండి. పెదవి సులువుగా ఎక్కుతుంది, ఆగాల్సిన చోట బిగుస్తుంది.

లెన్స్ మీద అంటించినాయనా, అది ఇవాళే తీసేయండి. జిగురు మిగిలితే గుడ్డకి రెండు చుక్కల నీలగిరి తైలం అద్ది తుడిచి, తర్వాత స్పిరిట్‌తో ఆ జిడ్డు తీయండి. అద్దం జోలికి పోవద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ అస్సలు వద్దు. చాలా రిమూవర్లలో అసిటోన్ ఉంటుంది, అది ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ఏ పని చేసినా హుడ్ మీదే. పాడైతే హుడ్ పాడవ్వాలి.

ఇక “టేపు వేసినా తిరుగుతోంది” అన్నవాళ్లు. వీళ్లని నేను అడిగింది ఒక్కటే, లెన్స్ పేరు పూర్తిగా చెప్పమని. “18-55” అన్నారు. అది జూమ్ కొలత, ఎన్నో లెన్సులకి ఉంటుంది. పేరు కాదండీ, ఇంటిపేరు. మరి హుడ్ ఏం చూసి కొన్నారంటే “మూత మీద 58 అని ఉంది, 58 హుడ్ కొన్నా” అంటారు. ఈ 58 గొడవ నాకు ఏళ్ల తరబడి తలనొప్పి, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

58 అనేది లెన్స్ ముందు ఫిల్టర్ బిగించే మర కొలత, మిల్లీమీటర్లలో. బయొనెట్ హుడ్, అంటే గాడిలో పెట్టి కొంచెం తిప్పితే బిగుసుకునే రకం, ఆ మరకి బిగుసుకోదు. లెన్స్ మూతి బయటి వైపున్న గాడికి బిగుసుకుంటుంది. ఆ గాడి ఎంత వెడల్పు, దాని నొక్కులు ఎక్కడెక్కడ అనేది లెన్స్ లెన్స్‌కీ మారుతుంది. కెనాన్ 1500డి కెమెరాతో మన దగ్గర అమ్మిన జంట కిట్ (రెండు లెన్సులది) తీసుకోండి. అందులోని 18-55 ఐఎస్ 2కి హుడ్ ఈడబ్ల్యూ-60సి, 55-250 ఐఎస్ 2కి ఈటీ-60. అదే 200డి మార్క్ 2తో వచ్చిన 18-55 ఐఎస్ ఎస్‌టీఎంకి ఈడబ్ల్యూ-63సి, 55-250 ఐఎస్ ఎస్‌టీఎంకి ఈటీ-63. నాలుగు లెన్సుల ఫిల్టర్ సైజూ 58యే. హుడ్లు నాలుగూ వేరు. నికాన్‌లోనూ ఇదే కథ. పాత 18-55 వీఆర్, 35 ఎంఎం ఎఫ్ 1.8 డీఎక్స్, 55-200 వీఆర్, మూడూ 52. హుడ్లు వరసగా హెచ్‌బీ-45, హెచ్‌బీ-46, హెచ్‌బీ-37. కాబట్టి కొట్టువాడికి మిల్లీమీటర్లు చెప్పకండి, హుడ్ నంబరు చెప్పండి. డూప్లికేట్ అయినా సరే, ఏ నంబరుకి బదులుగా చేశారో డబ్బా మీద ఉంటుంది. లేకపోతే కొనకండి.

ఇందులోనే ఇంకో ఉచ్చు ఉంది. “58 ఎంఎం” అని అమ్మే రేకుల హుడ్లు (పూల రేకుల్లా అంచు ఎగుడుదిగుడుగా ఉండేవి) కొన్ని బయొనెట్ కానే కావు, ఫిల్టర్ మరలోకి తిప్పి బిగించేవి. అవి 58 ఉన్న ఏ లెన్స్‌కైనా ఎక్కుతాయి, నిజమే. కానీ 1500డితో వచ్చిన ఆ 18-55 ఐఎస్ 2లో ఫోకస్ మారినప్పుడల్లా లెన్స్ మూతే గుండ్రంగా తిరుగుతుంది. మూతితో పాటు మర, మరతో పాటు హుడ్. మీరు నిటారుగా పెట్టిన రేకులు ఫోకస్ అయ్యేసరికి పక్కకి వాలిపోతాయి. “ఎంత బిగించినా తిరిగిపోతోంది” అని నాకు రాసినవాళ్లలో చాలామందిది ఇదే జబ్బు. హుడ్ వదులుగా లేదు, గట్టిగానే ఉంది. తిరిగేది లెన్స్. దానికి టేపేం చేస్తుంది? ఆ లెన్స్‌కి కెనాన్ వాళ్లు రేకులు లేని గుండ్రటి హుడ్ ఇచ్చిందే ఇందుకు. గుండ్రటిది ఎంత తిరిగినా ఒకటే. రేకుల హుడ్ అందంగా ఉంటుందని తెలుసు. ఆ అందం మూతి తిరగని లెన్స్‌కే.

మీది ఈ రకమో కాదో తెలుసుకోవడం తేలిక. షటర్ బటన్ సగం నొక్కి ఒకసారి దగ్గరి వస్తువుకీ ఒకసారి దూరపు వస్తువుకీ ఫోకస్ చేస్తూ, లెన్స్ మూతి మీద రాసిన అక్షరాలు చూడండి. అవి తిరిగితే మూతి తిరిగినట్టే. ఇలాంటి లెన్స్‌కి హుడ్ ఎక్కించేముందు పక్కనున్న మీటని ఎంఎఫ్‌లో (చేత్తో ఫోకస్) పెట్టండి. ఏఎఫ్‌లో (ఆటో ఫోకస్) ఉండగా బలవంతంగా తిప్పితే ఫోకస్ మోటారు పళ్ల మీద భారం.

ఇప్పుడు అసలు పాఠం.

సరైన నంబరు హుడ్, టేపు సరిగ్గా వేశారు, ఊగడం లేదు. అయినా జనం మోచెయ్యి తగిలితే తిరిగి ఊడిపోతోందంటే ‘టిక్’ అరిగిపోయిందని అర్థం. హుడ్ లోపలి అంచు మీద టార్చి ఏటవాలుగా వేసి చూడండి. చెవి దగ్గరలో ఎక్కడో చిన్న బొడిపె ఉంటుంది, గోరు పెట్టి తడిమితేనే తెలిసేంత. లెన్స్ వైపు దానికి సరిపడా నొక్కు ఉంటుంది. బొడిపె నొక్కులో పడినప్పుడు వచ్చేదే ఆ చప్పుడు. డూప్లికేట్లలో అచ్చు సరిగా రాక బొడిపె మొదటినుంచే మొండిగా ఉంటుంది, లేదా నెలరోజుల్లో అరుగుతుంది.

దీనికి రంగులేని నెయిల్ పాలిష్ కావాలి. ఇంట్లో అడగండి, ఇస్తారు. బొడిపెని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. సీసాలోని కుంచె వాడితే చుట్టూ పాకుతుంది, అందుకని టూత్‌పిక్ మొనతో ఒక్క చుక్క బొడిపె నెత్తి మీద పెట్టండి. ఆరాక ఇంకో చుక్క. ఒకేసారి మందంగా వేస్తే పైన తోలుకట్టి లోపల పచ్చిగానే ఉంటుంది, పాలిష్‌లోని ద్రావకం కింద ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది కూడా. రెండు మూడు చుక్కలయ్యాక హుడ్‌ని లెన్స్‌కి దూరంగా, బోర్లించకుండా, రాత్రంతా వదిలేయండి. ముట్టుకుంటే అంటుకోవడం లేదు కదా అని గంటలోనే ఎక్కించకండి. పచ్చిగా ఉన్న పాలిష్ నొక్కులో ఒత్తుకుపోయి లెన్స్‌కి అంటుకుంటుంది.

పొద్దున ఎక్కించి చూడండి. చప్పుడు రావాలి, వెనక్కి తిప్పితే కొంచెం ఎదురు తిరగాలి. మరీ బిగుసుకుంటే సన్న ఎమరీ పేపరుతో ఒకసారి రాయండి, ఆ పొడి హుడ్‌లోంచి పూర్తిగా తుడిచాకే లెన్స్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇది శాశ్వతం కాదు, వాడకాన్ని బట్టి మళ్లీ ఒక చుక్క పెట్టుకోవాలి.

సూపర్ గ్లూ చుక్క పెడితే గట్టిగా ఉంటుందిగా అంటారు. ఉంటుంది. కానీ అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి దగ్గర్లోని ప్లాస్టిక్ మీదా అద్దం మీదా తెల్లటి మసకలా పేరుకుంటుంది. ఆ సీసా కెమెరా బ్యాగు ఉన్న గదిలోకే రావద్దు.

ముహూర్తం దగ్గరపడింది, హుడ్ ఇప్పుడే ఊడుతోంది, పాలిష్ ఆరే టైము లేదు అనుకోండి. పాత సైకిల్ ట్యూబు ముక్కని వేలెడు వెడల్పు ఉంగరంలా కోసి బ్యాగులో ఉంచుకోండి. హుడ్, లెన్స్ కలిసే చోట సగం అటూ సగం ఇటూ పడేలా లాగి తొడగండి. మూతి కదలని లెన్సులకే ఇది. ఫోకస్ రింగు మీదికి రానివ్వకండి. నేనైతే సగం రోజులు దీంతోనే లాగించేస్తాను, పాఠంలో చెప్పేంత మర్యాదైన పద్ధతి కాదు గానీ. అన్నట్టు, హుడ్ తిరగేసి ఉంచి అలాగే ఫొటోలు తీసేవాళ్లకి నా దగ్గర ఏ చిట్కా లేదు.

అభ్యాసం ఈసారి కొంచెం గట్టిదే. రేకుల హుడ్ ఉన్నవాళ్లు మబ్బు పట్టిన రోజు చూసుకోండి. జూమ్ 18 ఎంఎం, అపెర్చర్ ఎఫ్ 16, ఫోకస్ అనంత దూరంలో పెట్టి ఆకాశాన్ని తీయండి. పొడుగు రేకులు పైనా కిందా, పొట్టివి పక్కలకి ఉండాలి. తర్వాత హుడ్‌ని కొంచెం కొంచెం వెనక్కి తిప్పుతూ ఒక్కో ఫొటో తీయండి. ఎదురెదురు మూలలు రెండు నల్లబడటం మొదలైన ఫొటో దగ్గర ఆగి, హుడ్ ఎంత తిరిగిందో పెన్సిల్‌తో హుడ్ మీదే గీత పెట్టండి. మీ హుడ్‌కి ఉన్న వెసులుబాటు అంతే. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో చూసి నిర్ణయించొద్దు. 1500డి లాంటి వాటిలో అది ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది, మూలల నలుపు ఆ మిగిలిన ఐదులో దాక్కుంటుంది. స్క్రీన్ మీదే చూడండి.

అది అయ్యాక హుడ్‌ని ముప్ఫైసార్లు ఎక్కించి దించండి. లెక్క తప్పితే మొదటినుంచి. తర్వాత హుడ్ బిగించి, అది లెన్స్ మీద అచ్చేసి ఉన్న గుర్తు చుక్కకి సరిగ్గా ఎదురుగా వచ్చే చోట ఇంకో గీత పెట్టి, కెమెరాని మెడలో వేసుకుని నాలుగంతస్తుల మెట్లు దిగి ఎక్కండి. చేత్తో పట్టుకోకూడదు, పొట్టకి కొట్టుకుంటూ ఊగాలి. పైకి వచ్చాక గుర్తు చుక్కా ఈ గీతా కలిసి ఉన్నాయో లేదో చూడండి. కదిలితే పాలిష్ ఇంకో చుక్క, మళ్లీ ఒక రాత్రి, మళ్లీ మెట్లు. గుండ్రటి హుడ్ వాళ్లకి ఆకాశం పరీక్ష అక్కర్లేదు. మెట్లు మాత్రం తప్పవు.