డీబగ్గర్‌ను, దానికి తగిన ఫ్రంటెండ్‌ను ఎంచుకోవడం ఎలా?

హనుమకొండలో ఇంజినీరింగ్ విద్యార్థులకు సీ, సీ ప్లస్ ప్లస్ చెప్పేటప్పుడు నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న, "సార్, ఏ డీబగ్గర్ మంచిది?" అన్నదే. డీబగ్గర్ అంటే నడుస్తున్న ప్రోగ్రాంను మధ్యలో ఆపి తప్పులు వెతకడానికి తోడ్పడే సాధనం. అడిగేవారి మనసులో ఉన్నది చాలాసార్లు అది కాదు, దాని ముందుండే విండో, బటన్లు, అంటే ఫ్రంటెండ్. ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఎర్రచుక్క పెట్టినచోట ప్రోగ్రాంను ఆపేది వెనుక నడుస్తున్న జీడీబీ, ఎల్‌ఎల్‌డీబీ వంటి డీబగ్గర్. ఫ్రంటెండ్ మన క్లిక్కులను ఆదేశాలుగా మార్చి దానికి పంపి, వచ్చిన జవాబును తెరపై చూపుతుంది.

డీబగ్గర్ ఏదన్నది చాలావరకు మీ కంపైలర్, ఆపరేటింగ్ సిస్టమ్‌లే తేల్చేస్తాయి. లైనక్స్‌లో జీసీసీ కంపైలర్ వాడేవారికి 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన జీడీబీ, మ్యాక్‌లో ఎక్స్‌కోడ్‌తో వచ్చే ఎల్‌ఎల్‌డీబీ సరిపోతాయి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్ వాడితే, అది పీడీబీ ఫైళ్లలో రాసే సమాచారాన్ని చదవగలిగే విజువల్ స్టూడియో డీబగ్గర్‌నో విన్‌డీబీజీనో తీసుకోవాలి. జీసీసీతో కంపైల్ చేసేటప్పుడు 'హైఫన్ జీ' ఆప్షన్ మరవకండి. అది లేకపోతే లైన్ నంబర్లు, లోకల్ వేరియబుల్స్ కనిపించవు.

ఫ్రంటెండ్‌ను మాత్రం సదుపాయాల పట్టిక చూసి కాక, మీ దగ్గరున్న తప్పుల ప్రోగ్రాంతోనే పరీక్షించి ఎంచుకోవాలి. నిరుడు ఒక విద్యార్థిని రాసిన లింక్డ్ లిస్ట్‌లో మొదటి నోడ్‌ను తొలగించిన తర్వాత ప్రింట్ చేస్తే చెత్త విలువలు వచ్చేవి. డిలీట్ ఫంక్షన్ చివర ఆపి చూస్తే 'హెడ్' రెండో నోడ్ చిరునామాకు మారి ఉంది. ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చూపే కాల్ స్టాక్ జాబితాలో 'మెయిన్' మీద క్లిక్ చేయగానే అక్కడి 'హెడ్'లో, అప్పటికే ఫ్రీ చేసిన పాత చిరునామా అలాగే కనిపించింది. పాయింటర్ విలువను పంపిందే తప్ప పాయింటర్ చిరునామాను పంపలేదని ఆ అమ్మాయికి నేను చెప్పకముందే తెలిసిపోయింది. జీడీబీలో 'అప్', 'ప్రింట్' ఆదేశాలతోనూ ఇదంతా చూడవచ్చు కానీ, కొత్తగా నేర్చుకునేవారికి రెండు ఫ్రేములనూ, అంటే ఆ జాబితాలోని రెండు ఫంక్షన్ల స్థితినీ, ఒక్క క్లిక్కుతో మార్చి చూసుకోవడం ఎంతో మేలు చేస్తుంది.

అందుకే మొదట కాల్ స్టాక్ సులువుగా అందుతుందా, తర్వాత పాయింటర్‌ను విప్పుకుంటూ నోడ్ వెంట నోడ్ వెళ్లవచ్చా అన్నది చూడండి. ఈ రెండో పనిలో, నోడ్లను పెట్టెలుగా, పాయింటర్లను బాణాలుగా గీసి చూపే డీడీడీ అనే ఫ్రంటెండ్ నాకు ఇప్పటికీ ఇష్టం, దాని రూపం ఎంత పాతబడినా సరే. మూడోది, అసలు డీబగ్గర్ ఆదేశాలను నేరుగా టైప్ చేసే చోటు ఉండాలి. వీఎస్ కోడ్‌లో సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్ వాడుతుంటే, డీబగ్ కన్సోల్‌లో ముందు 'హైఫన్ ఎగ్జెక్' అని రాసి జీడీబీ ఆదేశం ఇవ్వవచ్చు. ఆ దారి లేని ఫ్రంటెండ్‌ను నేను సిఫారసు చేయను.

మెమరీ తక్కువున్న లాప్‌టాప్‌లోనో, దూరం నుంచి టెర్మినల్‌తో లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ల్యాబ్ సర్వర్‌లోనో పనిచేసేవారికి జీడీబీలోనే ఉన్న టీయూఐ, అంటే టెర్మినల్‌లోనే అక్షరాలతో కనిపించే తెర, చాలు. కంట్రోల్ ఎక్స్ నొక్కి వదిలి 'ఏ' నొక్కితే పైన సోర్స్, కింద ఆదేశాలు వస్తాయి. ప్రోగ్రాం ప్రింట్ చేసే అక్షరాల వల్ల తెర చెదిరిపోతే కంట్రోల్ ఎల్ నొక్కండి.