వంటగట్టు టైల్స్ సందుల్లో గ్రౌట్ నింపి, సీల్ చేయడం ఎలా?

ఆర్నెల్లు తిరక్కుండానే గట్టు మీది సందులు పచ్చగా మారాయంటే తప్పు టైల్‌ది కాదు. సిరామిక్ టైల్‌కి పైన గ్లేజు, అంటే గాజులాంటి పూత ఉంటుంది, చేపల పులుసు ఒలికినా తుడిస్తే పోతుంది. సందులో నింపే గ్రౌట్ సిమెంటు ముద్ద, అది పీల్చేసుకుంటుంది. పసుపు, ఆవకాయ నూనె, చింతపండు పులుసు రోజూ పడే గోదావరి జిల్లాల వంటిళ్ళలో ఈ పని ఆదరాబాదరాగా చేస్తే కుదరదు.

గ్రౌట్ పొడి, దాన్ని అదిమే రబ్బరు పలక (ఫ్లోటు), రెండు బకెట్లు, సన్న రంధ్రాల స్పాంజి, పాత నూలు పంచె, సందులు పీల్చకుండా రాసే సీలరు, మూలలకి ఒక సిలికాన్ ట్యూబు తెచ్చుకోండి. సందు 3 మి.మీ. లోపుంటే ఇసుక లేని గ్రౌట్, దాటితే ఇసుక కలిసింది. రంగు బూడిదే. తెల్లది కొనకండి, అంతే. వైట్ సిమెంటు పూసేసి చేతులు దులుపుకునే మేస్త్రీలున్నారు, అది నెర్రెలిస్తుంది. సిమెంటు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్‌కి మరక పట్టదు, సీలరూ అక్కర్లేదు, నిజమే. కానీ టైల్ మీద ఒక్కసారి గట్టిపడితే గీకలేక చస్తారు. నా ఓటు సిమెంటు గ్రౌట్‌కే.

టైల్స్ అతికించి ఒక రోజు గడిచాక సందుల్లో మట్టి, పొంగిన సిమెంటు గీకేయండి. గోడా గట్టూ కలిసే మూల, సింకు అంచు మాత్రం ఖాళీగా వదలండి. అవి కదులుతాయి, గ్రౌట్ పెడితే చీలుతుంది.

నీళ్ళ దగ్గర ఒక మాట. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పు. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక ఆ నీళ్ళతోనే కలిపేస్తారు, తర్వాత సందుల మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. ఒక టిన్ను తాగే నీళ్ళు వాడితే మీ ఆస్తేం కరిగిపోదు. ముద్ద గారెల పిండిలా ఉండాలి, ఎత్తితే జారకూడదు. పది నిమిషాలు వదిలి, మళ్ళీ నీళ్ళు పోయకుండా కలపండి. ఫ్లోటుతో ఏటవాలుగా అదిమి నింపి, మిగిలింది అంచుతో లాగేయండి.

ఇక తుడవడం. తొందరపడి పని చెడగొట్టుకునేది ఇక్కడే.

ముందుగా ఫ్యాను ఆపండి. తర్వాత గడియారం కాదు, వేలు చూడండి. సందు మీద వేలు ఆనిస్తే గ్రౌట్ అంటుకోకూడదు, నొక్కితే లోతుగా దిగకూడదు. మే నెలలో పావుగంటకే ఆ స్థితి వస్తుంది, శ్రావణంలో ముసురు పట్టిన రోజు ముప్పావుగంటైనా రాదు.

స్పాంజిని పిడికిట్లో పిండితే ఒక్క చుక్క కూడా రాలకూడదు. సందు వెంట కాకుండా దానికి అడ్డంగా, ఏటవాలుగా, తేలిగ్గా ఒక్క లాగు లాగండి. స్పాంజి తిప్పండి, రెండో వైపుతో ఇంకొక లాగు, ఆ తర్వాత కడగండి. మురికి స్పాంజితో అదే చోట రుద్దితే సందు గుంటపడుతుంది.

మా వదిన గట్టుకి పనిచేసిన కుర్రాడు చెంబుతో నీళ్ళు పోసి మరీ కడిగాడు. సాయంత్రానికి అద్దంలా మెరిసింది, అందరం మెచ్చుకున్నాం. నెల తిరిగాక చపాతీ పీట జరిపితే తెల్లటి పొడి రాలింది. గోరుతో గీస్తే సున్నంలా ఊడొచ్చింది. సిమెంటు బలమంతా ఆ నీళ్ళతోనే కొట్టుకుపోయింది మరి.

టైల్స్ మీద మిగిలే పలచటి తెల్ల పొర చూసి టెన్షన్ పడొద్దు. రెండు గంటలాగి పొడి పంచెతో రుద్దితే పోతుంది. బాత్‌రూం యాసిడ్ జోలికి మాత్రం వెళ్ళకండి, పొరతోపాటు సందునీ తినేస్తుంది.

మూడు రోజులు పొద్దునా సాయంత్రం తడి చిలకరించి, తర్వాత బాగా ఆరనివ్వండి. వానాకాలమైతే వారం ఆగండి. సీలరు పడ్డ చోట సిలికాన్ సరిగ్గా అంటదు కాబట్టి ముందు మూలల్లో, సింకు చుట్టూ సిలికాన్ పెట్టి ఒక రోజు తడి తగలనివ్వకండి. ఆపైన సన్న బ్రష్షుతో సందుల మీద సీలరు రాసి, ఐదు నిమిషాల్లో టైల్స్ మీద పడింది తుడిచేయండి. ఆరితే జిగురులా పట్టేస్తుంది. డబ్బా మీద చెప్పినంత సేపు ఆగి రెండో కోటు.

మర్నాడు సందు మీద ఒక నీటి చుక్క వేయండి. చేమాకు మీద బొట్టులా నిలబడాలి. ఇంకి నల్లబడితే ఇంకో కోటు. ఏటా సంక్రాంతి పిండివంటలు మొదలెట్టే ముందు ఈ చుక్క వేసి చూడండి, ముఖ్యంగా స్టవ్వు పక్క సందుల్లో.